కన్యాశుల్కం చూసొచ్చాను, ఒక డౌట్: అసలు మనం దేన్ని చూసి నవ్వుతున్నాం?

బీచ్‌రోడ్డు బాబు (శనివారం రాత్రి 10:40)

ఇప్పుడే కన్యాశుల్కం నాటకం చూసొచ్చానండి, మన వైజాగ్‌లోనే, రెండు గంటలకి కుదించి ఆడారు. ఏసీ సరిగ్గా లేదు, గిరీశం మైకు బానే పలికింది గానీ బుచ్చమ్మ మైకు సగం డైలాగులు మింగేసింది, అయినా జనం బాగా వచ్చారు. మంచం కింద గిరీశం, రామప్పంతులు దాక్కునే సీను, పూటకూళ్లమ్మ చీపురుకట్ట పట్టుకొచ్చి కొట్టే సీను, హాలు హాలంతా విరగబడి నవ్వింది, నేనూ నవ్వాను.

తర్వాత అగ్నిహోత్రావధాన్లు చిన్న కూతురు సుబ్బిని లుబ్ధావధాన్లు అనే ముసలాడికిచ్చి పెళ్లి చేస్తానంటాడు, ఆ తల్లి వెంకమ్మ వెళ్లి నూతిలో దూకుతుంది. అక్కడా నవ్వారండి. నా పక్కసీటు పెద్దాయన నవ్వలేదు, కండువాతో కళ్లజోడు తుడుచుకుంటూ కూర్చున్నాడు. అప్పట్నుంచీ ఒకటే తొలిచేస్తోంది. ఇది కామెడీయేనా? ఆడపిల్లని డబ్బుకిచ్చెయ్యడం అనేది నిజంగా ఆ రోజుల్లో అంత మామూలా, లేక నాటకం కోసం పెంచి రాశాడా గురజాడ? ఇంజినీరింగ్ చదివినోణ్ణి, తెలుగు టెన్త్‌తో సరి, కొంచెం అరటిపండు ఒలిచి పెట్టినట్టు చెప్పండి ఎవరైనా.

గాజువాక గిరి (శనివారం రాత్రి 10:58)

నా పేరే గిరి కాబట్టి గిరీశాన్ని ఎవరేవన్నా ఊరుకోను 😀 అది కామెడీయే బ్రో, ఎక్కువ ఆలోచించకు. నూట ముప్పై ఏళ్లయినా నవ్వొస్తోందంటే గొప్పతనమే కదా.

రిటైర్డ్ మేష్టారు (ఆదివారం ఉదయం 5:50)

బాబూ, పెంచి రాయలేదు. తగ్గించి రాశారేమో అని నా అనుమానం.

1897లో అచ్చయిన మొదటి కూర్పుకి అప్పారావుగారు ఇంగ్లీషులో ముందుమాట రాశారు, అందులో లెక్కలున్నాయి. విజయనగరం మహారాజా ఆనంద గజపతి రాజుగారు విశాఖపట్నం జిల్లాలో బ్రాహ్మణ కుటుంబాల కన్యాశుల్కం పెళ్లిళ్ల జాబితా ఒకటి తయారు చేయించారు. మూడేళ్లలో 1034 పెళ్లిళ్లు తేలాయి, అంటే ఏడాదికి సగటున 344. డబ్బు పుచ్చుకున్నామని ఎవరూ నోరారా ఒప్పుకోరు కాబట్టి ఆ జాబితా పూర్తిది కాదని ఆయనే అన్నారు. అందులో అయిదేళ్ల పిల్లలు 99 మంది, నాలుగేళ్లవాళ్లు 44, మూడేళ్లవాళ్లు 36, రెండేళ్లవాళ్లు ఆరుగురు. ఏడాది పిల్లలు ముగ్గురు. ఆ ఏడాది పిల్లల ధర తలకి 350 నుంచి 400 రూపాయలు.

ఏడాది పిల్ల అంటే ఇంకా పారాడుతూ ఉంటుంది.

ఇదంతా ఎక్కడో కాదు, మన జిల్లాయే. అప్పుడు విజయనగరం కూడా విశాఖపట్నం జిల్లాలోదే, 1979లో గానీ విడిపోలేదు. అప్పారావుగారు పుట్టిన రాయవరం ఎలమంచిలి దగ్గర. కాబట్టి పరాయివాళ్ల కథ అనుకోవద్దు.

బీచ్‌రోడ్డు బాబు (ఆదివారం ఉదయం 8:15)

మేష్టారూ పొద్దున్నే టీ తాగుతూ చదివాను, టీ చల్లారిపోయింది. ఏడాది పిల్లకి రేటా?? అసలు కొనేవాడికి ఏంటి లాభం?

లక్ష్మి_ఎంవీపీ (ఆదివారం ఉదయం 9:30)

లాభం సంగతి నేను చెప్తాను, మా ఇంటి కథే కాబట్టి.

కొనేవాడు ఎవరంటే, ఆస్తి ఉండి పెళ్లాం పోయినవాడు, ఒకరు పోతే ఒకరు, రెండో పెళ్లి మూడో పెళ్లి వాళ్లు. వంట చెయ్యాలి, మడి కట్టాలి, పిండం పెట్టడానికి కొడుకు కావాలి. వితంతువుని చేసుకోవడానికి వీల్లేదు, రజస్వల కాకముందే పిల్లకి పెళ్లైపోవాలి, ఇంక మిగిలేది ఎవరు, చిన్నపిల్లలే. గిరాకీ ఎక్కువ సరుకు తక్కువ, ధర పెరిగింది, అంతే (సరుకు అన్నందుకు నన్ను తిట్టకండి, వాళ్లు అలాగే చూశారు). ఇచ్చే తండ్రి పరిస్థితి ఏంటంటే అగ్రహారంలో మాన్యం వాటాలు పడి పడి చిన్నదైపోతుంది, పైన కోర్టు ఖర్చులు. నాటకంలో అగ్నిహోత్రావధాన్లుకి దావాల పిచ్చి ఊరికే పెట్టలేదు.

ఆ ముసలాయన నాలుగేళ్లకి పోతాడు. పిల్లకి పన్నెండేళ్లుంటాయి. జుట్టు తీయించేస్తారు.

మా నాయనమ్మకి మేనత్త ఒకావిడ ఉండేదట, ఆవిడ పేరు ఇంట్లో ఎవరూ అనేవారు కాదు, "వంటింటావిడ" అనేవారు. నాయనమ్మ చెప్పేది, ఆవిడ తెల్లచీర కొంగు నెత్తి మీంచి జారితే గబుక్కున లాక్కునేదట, ఎంత పనిలో ఉన్నా సరే, చేతికి పిండి ఉన్నా సరే, అలా నెత్తి మీద కొంగంతా పిండి మరకలుండేవట. ఆవిడ మొగుణ్ణి చూసినట్టు కూడా ఆవిడకి జ్ఞాపకం లేదు.

గాజువాక గిరి (ఆదివారం ఉదయం 9:52)

అక్కా సారీ. నిన్న ఏదో తొందరపడి అన్నాను.

సింహాద్రి_1984 (ఆదివారం ఉదయం 11:05)

ఒక చిన్న మాట, ఎవరూ ఫీలవ్వొద్దు. పిల్లవాడి వైపు వాళ్లు ఇచ్చే ఆచారం మా వైపూ ఉండేది, మా తాత దాన్ని ఓలి అనేవాడు. ఓలి ఇచ్చే చేసుకున్నాడు మా నాయనమ్మని. కాకపోతే మా ఇళ్లల్లో ఆడది పొలం పని చేసేది, కూలి తెచ్చేది, ఆ చేతులు ఇంట్లోంచి పోతున్నాయి కాబట్టి పుట్టింటికి ఏదో ఇచ్చేవారు. మొగుడు పోతే మారుమనువు ఉంది, పడకపోతే తెగతెంపులు ఉన్నాయి, కులపెద్దలు కూర్చుని తేల్చేసేవారు. కాబట్టి ఓలీ కన్యాశుల్కమూ ఒకటే అనుకోకండి. డబ్బు ఒకటే, తర్వాత ఆడదానికి తలుపు తెరిచుందా మూసేశారా అన్నది వేరు.

రిటైర్డ్ మేష్టారు (ఆదివారం ఉదయం 11:40)

సింహాద్రిగారు బాగా పట్టుకున్నారు. ఇంకో తమాషా ఏమిటంటే శాస్త్రం కూడా వాళ్ల పక్షాన లేదు. శుల్కం పుచ్చుకుని చేసే పెళ్లిని ధర్మశాస్త్రాలు ఆసుర వివాహం అన్నాయి, తండ్రి కూతురి మీద కొంచెం కూడా శుల్కం తీసుకోకూడదని మనువే అన్నాడు. అంటే పొద్దున్న లేస్తే శాస్త్రం వల్లించే అవధాన్లుగారే శాస్త్రం కాదన్న పని చేస్తున్నారు. ప్రేక్షకుల్లో ఆ సంగతి తెలిసిన పండితులు కూర్చుని ఉండగా ఆడారు దాన్ని. 1892 ఆగస్టు 13న విజయనగరంలో జగన్నాథ విలాసినీ సభవారు మొదటిసారి వేశారు. ఆ హాల్లో ఎందరు నవ్వారో ఎందరు కుర్చీలో ఇబ్బందిగా కదిలారో!

విజీనారం పిల్ల (ఆదివారం మధ్యాహ్నం 2:20)

మా ఊరి మాట వచ్చింది కాబట్టి దిగుతున్నాను 🙋‍♀️ మా ఊళ్లో గురజాడ వారి ఇల్లు ఇప్పటికీ ఉంది, చిన్నప్పుడు స్కూలు వాళ్లు తీసుకెళ్లారు.

బాబు గారూ, మీరు చూసిన కుదింపులో మీనాక్షి ఉందా? చాలా మంది తీసేస్తారు. నాటకంలో వితంతువులు ముగ్గురండీ. బుచ్చమ్మ, సుబ్బి అక్క, అమాయకురాలు, తండ్రి ఇంట్లో పడి ఉంటుంది. మీనాక్షి, లుబ్ధావధాన్లు కూతురు, ఊళ్లో మగాళ్లు వాడుకునేదీ ఆమెనే ఆడిపోసుకునేదీ ఆమెనే. పూటకూళ్లమ్మ, అన్నం వండి అమ్ముకుని తన కాళ్ల మీద తను బతుకుతుంది, చీపురుకట్ట పట్టే ధైర్యం ఆవిడకే వచ్చింది ఎందుకంటే ఎవడి తిండీ తినట్లేదు కాబట్టి. మీరు నవ్విన సీనులో ఉన్న మెలిక అదే. అప్పుడు విజయనగరంలో కాలేజీ, రాజుగారి కొలువు, ఇంగ్లీషు చదువుకి ఊళ్ల నుంచి వచ్చే కుర్రాళ్లు, ఉద్యోగాలకి వచ్చేవాళ్లు, వీళ్లందరికీ అన్నం ఎవరు పెడతారు? పూటకూళ్ల ఇళ్లే. గిరీశం ఆవిడ తిండి తిని ఆవిడ డబ్బే తీసుకెళ్లి వేశ్య మధురవాణి దగ్గర తగలేస్తాడు.

గాజువాక గిరి (ఆదివారం మధ్యాహ్నం 2:41)

గిరీశం మీద అందరూ పడ్డారు గానీ ఒక్క మాట. వాడు మోసగాడే, ఒప్పుకుంటా. కానీ వాడి నోట్లోంచే కదా వితంతు వివాహం, కాంగ్రెసు, ఇంగ్లీషు అన్నీ వచ్చేది. వాడు లేకపోతే ఆ ఇంట్లో బుచ్చమ్మతో మాట్లాడేవాడే లేడు.

విజీనారం పిల్ల (ఆదివారం మధ్యాహ్నం 2:50)

అందుకే వాడు ప్రమాదం బాబూ! వీరేశలింగం గారు రాజమండ్రిలో 1881 డిసెంబరులో మొదటి వితంతు వివాహం చేయించారు, ఇంటికొచ్చి బెదిరించినా, వెలేసినా నిలబడ్డారు. పదేళ్లు తిరిగేసరికి అదే మాటని గిరీశం లాంటోళ్లు అమ్మాయిని లేపుకుపోడానికి వాడుకుంటున్నారు. సంస్కరణ ఫ్యాషన్ అయితే ఎలా ఉంటుందో చూపించాడు గురజాడ. ఇప్పుడు కూడా స్టేటస్‌లో స్త్రీశక్తి, ఇన్‌బాక్స్‌లో వేరే కథ పెట్టేవాళ్లు లేరా ఏంటి.

సింహాద్రి_1984 (ఆదివారం సాయంత్రం 4:10)

కాంగ్రెసు అన్నారు కాబట్టి నాకు బాగా నచ్చిన ముక్క చెప్తా. గిరీశం బండివాడికి కాంగ్రెసు గురించి గంటల తరబడి లెక్చర్ దంచుతాడు, అంతా విని ఆ బండివాడు, అయితే మా ఊరి హెడ్ కానిస్టేబుల్ని ఎప్పుడు బదిలీ చేస్తారు బాబూ అని అడుగుతాడు. కాంగ్రెసు పెట్టింది 1885లో, అంటే అప్పటికి పసిబిడ్డ, చదువుకున్నోళ్ల తీర్మానాల కాంగ్రెసు. బండివాడికి తెల్లదొర ఎప్పుడూ కనపడలేదు, కనపడేది హెడ్డే. మా నాన్న ఆటో నడిపాడు ఇరవై ఏళ్లు, ఆ ముక్క నేను చదివి వినిపిస్తే నవ్వలేదు, "సరిగ్గా అడిగాడు" అన్నాడు.

రిటైర్డ్ మేష్టారు (ఆదివారం సాయంత్రం 5:30)

భాష సంగతి చెప్పకుండా వదిలేస్తే అప్పారావుగారికి అన్యాయం చేసినట్టే.

బాబూ, నువ్వు టెన్త్ తెలుగుతోనే నాటకం అర్థం చేసుకున్నావు కదా, దానికోసం పెద్ద కొట్లాటే జరిగింది. ఆ రోజుల్లో పుస్తకమంటే గ్రాంథికం, స్టేజీ ఎక్కితే పౌరాణికం, పద్యం. అంతకుముందే వీరేశలింగంగారు బ్రహ్మవివాహం లాంటి ప్రహసనాలు వాడుక మాటల్లో రాసి దారి వేశారు, నిజమే, కన్యాశుల్కం ఆకాశంలోంచి ఊడిపడలేదు. కానీ ఇంత పెద్ద నాటకం మొత్తం మనుషులు మాట్లాడుకున్నట్టే రాయడం, అదీ ఎవరి భాష వాళ్లకి పెట్టి రాయడం, అవధాన్లుది ఒకటి, వ్యాపారం చేసే పోలిశెట్టిది ఒకటి, పాలేరు అసిరిగాడిది ఒకటి, ఇంగ్లీషు ముక్కలు దంచే గిరీశానిది ఒకటి. చెవి అంత సూక్ష్మం ఆయనకి. విజయనగరంలో కలిసి చదువుకున్న గిడుగు రామమూర్తిగారు, ఇక్కడ విశాఖపట్నంలో ఏవీఎన్ కాలేజీ ప్రిన్సిపాల్ పి.టి. శ్రీనివాస అయ్యంగారు, వీళ్లంతా తర్వాత వాడుకభాష కోసం పోరాడారు. అప్పారావుగారు మద్రాసు యూనివర్సిటీకి 1914లో అసమ్మతి పత్రం ఇచ్చారు, 1915 నవంబరులో పోయారు. ఒళ్లు బాగోకపోయినా ఆ పని ఆపలేదు.

మేము డిగ్రీ చదివే రోజుల్లో కూడా, పరీక్షలో వాడుకలో రాస్తే మార్కులు కోసే లెక్చరర్లు ఉండేవారు. నాకు ఒకసారి ఎనిమిది మార్కులు పోయాయి. ఇప్పటికీ మంటే.

బీచ్‌రోడ్డు బాబు (ఆదివారం సాయంత్రం 6:05)

😂 మేష్టారూ ఎనిమిది మార్కులు ఇంకా లెక్కపెట్టుకుంటున్నారా

ఇంకో డౌట్. అసలు సుబ్బి పెళ్లి జరగలేదు కదా, మారువేషంలో శిష్యుడికి జరిగింది. మేం చూసినదాంట్లో ఆ పెళ్లి అయ్యాక ఒక పది నిమిషాల్లో పరుగో పరుగు మీద ముగించేశారు, చివర్లో గిరీశం వచ్చి డామిట్ అన్నాడు, లైట్లు వేసేశారు. మధురవాణి కోర్టు వ్యవహారంలోకి ఎందుకొచ్చిందో నాకు అర్థం కాలేదు.

విజీనారం పిల్ల (ఆదివారం సాయంత్రం 6:30)

అయ్యో అసలు కథ కోసేశారన్నమాట! వినండి.

కరటకశాస్త్రి, అంటే వెంకమ్మ అన్నగారు, చెల్లెలి కూతుర్ని కాపాడ్డానికి తన శిష్యుడికి ఆడవేషం వేసి లుబ్ధావధాన్లుకి అంటగడతాడు. నాటకం పేరు కన్యాశుల్కం, పీటల మీద కూర్చున్నది మగపిల్లాడు! సుబ్బికి నాటకం మొత్తంలో మాటలే దాదాపు లేవు గమనించారా, అమ్మకానికి పెట్టిన పిల్లకి నోరు ఎక్కడిది. తర్వాత శిష్యుడు వేషం తీసేసి మాయం అవుతాడు, పెళ్లికూతురు కనపడట్లేదు కాబట్టి ముసలాడే చంపేశాడని కేసు. హెడ్డు, రామప్పంతులు, సాక్షులు అందరూ తలో చెయ్యి వేసి పిండుకుంటారు. అప్పటిదాకా ముసలాణ్ణి చూసి నవ్విన మనకి, లేని హత్యకి ఉరిశిక్ష పడేలా ఉంటే జాలేస్తుంది.

ఆ కేసు కోసం అందరూ చేరేది ఎక్కడికనుకున్నారు? విశాఖపట్నం. చివరి అంకం మీ ఊళ్లోనే. జిల్లా కోర్టు ఉన్నది అక్కడ కాబట్టి. మీ ఊరి స్టేజీ మీద మీ ఊరినే తీసేశారు!

లక్ష్మి_ఎంవీపీ (ఆదివారం రాత్రి 7:15)

ఆ చివరి అంకమే నాకు ప్రాణం. సౌజన్యారావు పంతులు అని వకీలు, నిజంగానే మంచివాడు, సంస్కర్త, యాంటీనాచ్. అంటే భోగంవాళ్ల ఆటపాటలు బహిష్కరించాలి, వాళ్ల మొహం చూడకూడదు అనే పట్టుదల, 1890ల్లో మద్రాసు ప్రెసిడెన్సీ అంతా నడిచింది అది, వీరేశలింగం గారూ అందులో గట్టి మనిషే. అలాంటాయన ఇంటికి రాత్రిపూట మధురవాణి మగవేషంలో వెళ్తుంది. కేసు గుట్టు తెలిసింది ఆవిడకే, ముసలాడి ప్రాణం నిలబెట్టగలిగేదీ ఆవిడే. మొహం చూడకూడనిదానితోనే పని పడింది. వేశ్య అని తెలిశాక ఆయన పడే ఇబ్బంది, ఆవిడ అడిగే ఒక్కొక్క ప్రశ్న, అబ్బ. మంచివాళ్లు కూడా ఎవర్ని వదిలేసి మంచివాళ్లు అవుతున్నారో అక్కడ తెలుస్తుంది.

దేవదాసీ చట్టం 1947 దాకా రాలేదు. వచ్చాక కూడా ఆ ఆడవాళ్లకి బతుకుతెరువు ఏంటి అని ఎంతమంది ఆలోచించారో.

సింహాద్రి_1984 (ఆదివారం రాత్రి 7:40)

గిరీశం బండారం బయటపెట్టేది కూడా ఆవిడే కదా. బుచ్చమ్మని పూనా విడోస్ హోమ్‌కి పంపిస్తానంటాడు పంతులు, గిరీశాన్ని బుద్ధిగా చదువుకోమంటాడు. అప్పుడు పడుతుంది "డామిట్! కథ అడ్డంగా తిరిగింది" అని. పెళ్లితో అయిపోవాల్సిన కామెడీ పెళ్లి లేకుండా అయిపోయింది.

రిటైర్డ్ మేష్టారు (ఆదివారం రాత్రి 8:20)

పూనా మాట ఎత్తారు కాబట్టి. కర్వేగారు పూనాలో ఆ హోమ్ పెట్టింది 1896లో. నాటకం మొదటిసారి ఆడింది 1892లో. అంటే ఈ ముగింపు మొదటి ఆటలో ఉండే వీల్లేదు, తర్వాత చేరిందే. 1909 రెండో కూర్పుకి అప్పారావుగారు చాలా భాగం తిరగరాశారు, అయిదంకాలు ఏడయ్యాయి, మధురవాణి బాగా పెరిగింది. మొదట్లో రాజావారి కోసం, సంస్కరణ ప్రచారం కోసం రాసింది, పదిహేడేళ్లు నానబెట్టాక మనుషుల కథ అయింది. వితంతు వివాహ చట్టం 1856లోనే వచ్చింది, అయినా బుచ్చమ్మకి పెళ్లి కాదు, చదువు దొరుకుతుంది. ఇది ఓటమో గెలుపో నేను క్లాసులో ఎన్నిసార్లు చెప్పానో అన్నిసార్లు మాట మార్చాను.

గాజువాక గిరి (ఆదివారం రాత్రి 8:45)

చట్టాలు వస్తూనే ఉంటాయి మేష్టారూ. కన్యాశుల్కం పోయి కట్నం వచ్చింది, కట్నానికి 1961లో చట్టం. మా అక్క పెళ్లికి బండి, బంగారం, ఫ్లాట్‌కి అడ్వాన్సు, అన్నీ "మేమేం అడగలేదు, మీ అమ్మాయికి మీరు పెట్టుకుంటున్నారు" అని. డబ్బు పుచ్చుకున్నామని ఎవరూ ఒప్పుకోరు అని ఆయన అప్పుడే రాశాడు చూడండి. నాన్న ఇంకా ఈఎంఐ కడుతున్నాడు.

లక్ష్మి_ఎంవీపీ (ఆదివారం రాత్రి 9:00)

👆 గిరీ, ఇది నీ బెస్ట్ పోస్టు.

బీచ్‌రోడ్డు బాబు (ఆదివారం రాత్రి 9:25)

సరే, నా డౌట్ తీరిందో పెరిగిందో తెలీట్లేదు. నూతి సీనులో జనం ఎందుకు నవ్వారో మాత్రం కొంచెం అర్థమైంది, అంతకుముందు అరగంట మమ్మల్ని నవ్వించడమే పనిగా పెట్టుకున్నారు, ఆ ఊపులో తల్లి నూతిలో పడ్డా కామెడీ బిట్టే అనుకున్నాం. ఆ పక్కసీటు పెద్దాయనకి మొత్తం నాటకం తెలుసు కాబట్టి నవ్వలేదేమో.

మొత్తం ఆడితే ఎంతసేపు పడుతుంది?

విజీనారం పిల్ల (ఆదివారం రాత్రి 9:31)

రాత్రంతా. భోజనం కట్టుకుని వెళ్లాలి 😄 జె.వి. సోమయాజులు గారు, రమణమూర్తి గారు అన్నదమ్ములు ఎన్నెన్నో ప్రదర్శనలిచ్చారు, తమ్ముడు గిరీశం, అన్నగారు రామప్పంతులు. 1955 సినిమా కూడా ఉంది, రామారావు గిరీశం, సావిత్రి మధురవాణి. కానీ ముందు పుస్తకం చదవండి, అదీ గట్టిగా, నోటితో.

బీచ్‌రోడ్డు బాబు (ఆదివారం రాత్రి 9:44)

అయితే వచ్చే ఆదివారం పొద్దున్న ఆరింటికి ఆర్కే బీచ్‌లో కూర్చుని చివరి అంకం చదువుదామా? మన ఊళ్లో జరిగిన అంకం మన ఊళ్లోనే. ఫిల్టర్ కాఫీ ఫ్లాస్కు నాది. మేష్టారూ మీరు సౌజన్యారావు పంతులు, కాదనకండి.

రిటైర్డ్ మేష్టారు (ఆదివారం రాత్రి 9:50)

మోకాళ్లు ఇసకలో కూర్చోనివ్వవు. గట్టు మీద అయితే వస్తాను.

సింహాద్రి_1984 (ఆదివారం రాత్రి 9:58)

నేనూ వస్తా. లుబ్ధావధాన్లు ఇచ్చెయ్యండి, దగ్గు బాగా దగ్గుతాను.

లక్ష్మి_ఎంవీపీ (ఆదివారం రాత్రి 10:03)

ఆదివారం నాకు కుదరదు, కాకినాడ వెళ్తున్నాను. విజీనారం పిల్లా, నువ్వు రావాలి, మధురవాణి నువ్వే.

విజీనారం పిల్ల (ఆదివారం రాత్రి 10:10)

ఆ రోజు పరీక్ష డ్యూటీ అక్కా 😭 రాలేను.

గాజువాక గిరి (ఆదివారం రాత్రి 10:12)

మరి మధురవాణి ఎవరు? ఆడవాళ్లు ఎవరూ లేరు. నేను చదవనా? గెడ్డం ఉంది, పర్లేదా?

రిటైర్డ్ మేష్టారు (ఆదివారం రాత్రి 10:20)

నిక్షేపంగా చదువు. ఆ కాలపు స్టేజీ మీద ఆడవేషాలన్నీ మగవాళ్లవే. ఆడదానిగా వేషం వేసిన మగవాడు, మళ్లీ మగవేషం వేసి పంతులుగారింటికి వెళ్లాడు. నీకు ఒక వేషం ఖర్చు తగ్గింది.

గాజువాక గిరి (ఆదివారం రాత్రి 10:22)

డామిట్.